నిద్రలో కండెలు

మనిషి కలలు అరుదైన నిద్రలోకి జారుకున్న కొద్ది నిమిషాలకు మెదడు పైపొర నుంచి వెలువడే విద్యుత్ తరంగాలలో ఒక విలక్షణమైన ఆకృతి కనిపిస్తుంది. సెకనుకు 11 నుంచి 16 సార్లు ఊగే సన్నని అలలు చిన్నగా మొదలై, క్రమంగా ఎత్తు పెరిగి, నడిమికి వచ్చేసరికి బాగా ఉబ్బి, మళ్లీ సన్నబడుతూ పోయి, అర సెకను మొదలుకొని రెండు సెకన్ల లోపల అణగిపోతాయి. ఇంగ్లిషులో ఈ అలల గుంపును స్లీప్ స్పిండిల్ అంటారు. స్పిండిల్ అంటే కదురు, అంటే రాట్నంలో గిర్రున తిరుగుతూ నూలును పురిపెట్టి తన మీదనే చుట్టుకునే ఇనుప పుల్ల. అయితే కదురు దానంతట అది ఉబ్బెత్తుగా ఉండదు, నూలు చుట్టుకున్నాకనే దానికి ఆ కడుపు వస్తుంది. అలా నూలు నింపుకున్నదాన్ని తెలుగు నేతగాళ్లు కండె అంటారు. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపుకు లాగే పోగులకు తెలుగు జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలు కండె అన్న మాటనే వాడుకున్నాయి. ఆ దారినే నడిచి ఈ తరంగాలను నిద్ర కండెలు అనడం సబబు, ఎందుకంటే శాస్త్రజ్ఞుల కంటికి ఆనింది వట్టి పుల్ల కాదు, నూలు నిండిన కండె ఆకారమే.

ఒక వైద్య పదానికి రూపమిచ్చిన ఈ నేత వృత్తి గుజరాత్‌లోని సూరత్ నగరాన్ని శతాబ్దాలుగా పోషించింది. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలోనూ, మరి రెండేళ్లకు జహంగీరు చక్రవర్తి అనుమతితో సూరత్‌లోనూ వర్తకశాలలు తెరిచింది. తెలుగు తీరాన ఉన్న ఆ రేవు నుంచీ, తాపీ నది ఒడ్డున ఉన్న ఈ రేవు నుంచీ ఓడలకెక్కిన సరుకులలో నేత బట్టది ముఖ్యమైన స్థానం. పట్టుకూ జరీకీ పేరుపడ్డ సూరత్ ఇరవయ్యో శతాబ్దంలో కృత్రిమ పట్టుకూ, ఆ తరువాత నైలాన్, పాలియెస్టర్ దారాలకూ మళ్లింది, చేతిమగ్గాల స్థానాన్ని మరమగ్గాలు ఆక్రమించాయి. నగరానికి దక్షిణాన ఉన్, ఉధనా, పాండేసరా, సచిన్ ప్రాంతాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పారిశ్రామిక వలయంగా పెరిగాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు పని వెతుక్కుంటూ సోలాపూర్, భివండీ, ముంబైలకు వెళ్లినట్లే సూరత్‌కూ తరలివచ్చాయి, ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చిన కార్మికులు మరమగ్గాల మీద పెద్ద సంఖ్యలో కుదురుకున్నారు. తెలంగాణలోని సిరిసిల్లలో సాంచె అనే మరమగ్గాన్ని నడిపిన చేయికి సూరత్ మరమగ్గం కొత్తది కాదు. పడుగు బిగించిన మగ్గంలో నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు దూసుకుపోతుంది, నాడె కడుపులో ఇమిడిన కండె కొస నుంచి పేక పోగు ఊడివస్తూ పడుగు దారాల నడుమ పడుతుంది, కండె ఖాళీ కాగానే కొత్తది వేయవలసి వస్తుంది కనుక పనివాడి కన్ను ఎప్పుడూ కండె మీద ఉండక తప్పదు.

తరంగాల కండెను చూడగలిగే సాధనం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. జర్మనీలోని యేనా నగరంలో మానసిక వైద్యుడుగా ఉన్న హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తల మీద నుంచి మెదడు విద్యుత్తును తొలిసారి నమోదు చేసి, ఐదేళ్ల పాటు తన ఫలితాలను తానే అనుమానిస్తూ మళ్లీ మళ్లీ పరీక్షించుకుని, 1929లో వాటిని ప్రచురించాడు. ఈఈజీ అని నేడు ఆసుపత్రులలో వ్యవహరించే పరీక్ష, అంటే తల చర్మానికి అంటించిన లోహపు బిళ్లల ద్వారా అతి స్వల్పమైన విద్యుత్ మార్పులను పెంచి గీతలుగా రాయించడం, ఆయనతోనే మొదలైంది. ఆ గీతలను నిద్రలో రాత్రంతా వెంబడించిన ఘనత మాత్రం న్యాయవాదిగా మొదలై న్యూయార్క్ ఆర్థిక మార్కెట్లలో అపారంగా సంపాదించిన ఆల్ఫ్రెడ్ లీ లూమిస్‌ది. టక్సీడో పార్క్‌లోని ఒక రాతి భవనాన్ని సొంత ప్రయోగశాలగా మార్చుకున్న ఆయన, మిణుగురు వంటి జీవుల వెలుగును పరిశోధించిన ప్రిన్స్‌టన్ ఆచార్యుడు న్యూటన్ హార్వే, మరో సహచరుడు గారెట్ హోబర్ట్‌తో కలిసి, పడుకున్న మనిషిని ఒక గదిలో ఉంచి, ఎనిమిది అడుగుల పొడవున్న డ్రమ్ము మీద చుట్టిన కాగితం పైన ఆ మెదడు గీతలను వేరే గదిలో రాయించాడు. సెకనుకు 14 చొప్పున ఊగే ఈ అలల గుంపులను ఆ బృందం 1935లో వెల్లడించింది. 1937లో వారు నిద్రను ఏ నుంచి ఈ వరకు ఐదు అంచెలుగా విడదీసినప్పుడు, మూడోదైన సి అంచెకు గుర్తు కండెలే అయ్యాయి. నిద్ర అంటే దీపం ఆర్పినట్లు మెదడు ఒక్కసారిగా చల్లబడటం కాదని, అందులో వరుసలూ మజిలీలూ ఉన్నాయని కాగితం మీద రుజువు చేసిన ఆ పనికి వైద్య చరిత్రలో ఇంకా ఎంతో పెద్ద పేరు రావలసింది.

ఆ వెనక తరాల నిద్ర పరిశోధన అంతా కాగితం మీదనే సాగింది. 1953లో షికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియేల్ క్లైట్‌మన్ మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదిలే నిద్రను గుర్తించడంతో, కలలు దట్టంగా వచ్చే నిద్ర, కలలు అరుదైన నిద్ర అన్న విభజన ప్రయోగశాలలో స్థిరపడింది. జాగ్రత్, స్వప్న, సుషుప్తులని మాండూక్యోపనిషత్తు చేసిన విభజనతో పెరిగిన పాఠకునికి ఇది అపరిచితంగా తోచదు, అయినా ఉపనిషత్తు వెతికింది ఆత్మను, షికాగో వెతికింది కనుగుడ్ల కదలికను. 1968లో అలన్ రెక్ట్‌షాఫెన్, ఆంథొనీ కేల్స్ కూర్చిన నియమావళి కండెకు కనీస కొలతను అర సెకనుగా నిర్ణయించి, దాన్ని రెండో దశ నిద్రకు ఆనవాలు చేసింది. 2007లో అమెరికా నిద్ర వైద్య సంస్థ ఆ నియమాలను సవరించి రాసింది. కాగితం సెకనుకు పది మిల్లీమీటర్ల చొప్పున నడిస్తే ఎనిమిది గంటల నిద్రకు 288 మీటర్ల గీతలు పోగవుతాయి. ముప్పై సెకన్లకు ఒక పుట చొప్పున ఆ 960 పుటలను ఒక్కొక్కటిగా తిప్పుతూ, పెన్సిలు పట్టుకుని, ఏ పుటలో కండె ఉందో ఏ పుటలో లేదో కంటితో చూసి గుర్తుపెట్టే సాంకేతిక సిబ్బంది పని, తానులోని పోగు తప్పులను వెతికే నేత పనివాడి పనికి ఎంతో దగ్గరిది.

కండెలను వడికే రాట్నం మెదడులో ఎక్కడుందన్న ప్రశ్నకు జవాబు ఈలోగా విడతలుగా దొరికింది. రాబర్ట్ మోరిసన్, డేవిడ్ బాసెట్ 1945లో మెదడు పైపొరను తొలగించిన పిల్లులలో సైతం లోతున ఉన్న థాలమస్‌లో కండెలు పుడుతూనే ఉన్నాయని చూపారు. థాలమస్ అంటే కన్ను, చెవి, చర్మం నుంచి వచ్చే కబుర్లు పైపొరకు చేరే ముందు ఆగే కూడలి. దాని చుట్టూ పలుచని తొడుగులా ఉండే వల కేంద్రకంలోని నాడీకణాలే ఆ రాట్నమని, ఆ తొడుగు నుంచి వేరుచేసిన థాలమస్‌లో కండెలు ఆగిపోతాయని, ఒంటరిగా మిగిలిన తొడుగులో అవి ఇంకా తిరుగుతూనే ఉంటాయని కెనడాలోని లావల్ విశ్వవిద్యాలయంలో మిర్చా స్టెరియాడే బృందం 1985, 1987 సంవత్సరాల ప్రయోగాలతో నిరూపించింది. కండె తిరుగుతున్నంతసేపూ ఆ కూడలి తలుపులు దగ్గరగా వేసి ఉంటాయి, అందువల్ల బయటి శబ్దం చెవిదాకా వచ్చినా పైపొరకు చేరడం కష్టమవుతుంది. 2010లో తియెన్ తాన్ డాంగ్ వు, జెఫ్రీ ఎలెన్‌బోగెన్ తదితరులు పన్నెండు మంది ఆరోగ్యవంతులను మూడు రాత్రులు ప్రయోగశాలలో నిద్రపుచ్చి, మొదటి రాత్రి నిశ్శబ్దంగా ఉంచి, తరువాతి రాత్రులలో ఫోను మోత, వాహనాల రొద వంటి చప్పుళ్లు వినిపించినప్పుడు, నిశ్శబ్దపు రాత్రి కండెలు ఎక్కువగా కనిపించినవారే రొదలోనూ నిలకడగా నిద్రపోయారు.

ఈ జ్ఞానాన్ని దక్షిణ సూరత్ వాడలకు తీసుకుపోయి చూడవలసిన అవసరం ఉంది. అక్కడి మరమగ్గాలు పన్నెండేసి గంటల చొప్పున రెండు షిఫ్టులలో పగలూ రాత్రీ నడుస్తాయి, నాడె కొట్టే చప్పుడు కార్ఖానా గోడలు దాటి పక్క వీధుల వరకు వినిపిస్తుంది. ఇరుకు గదులలో, భోజనంతో పాటు పడకకూ డబ్బు కట్టే మెస్సులలో, రాత్రి పనికి వెళ్లినవాళ్లు తిరిగి వచ్చేసరికి పగటి పనివాళ్లు లేచి వెళ్లిపోతారు, నేల మీద పరిచిన అదే చాపల మీద ఒక జట్టు తరువాత మరో జట్టు పడుకుంటుంది. రాత్రి షిఫ్టు పనివాళ్ల నిద్రను దశాబ్దాల పాటు పరిశీలించిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు టోర్‌బ్యోర్న్ ఓకెర్‌స్టెట్ చెప్పిన ప్రకారం, పగటిపూట పడుకున్నవారి నిద్ర మామూలు కంటే రెండు నుంచి నాలుగు గంటలు తగ్గిపోతుంది. అతి గాఢమైన నిద్రను శరీరం ఎలాగో ముందుగానే రాబట్టుకుంటుంది, కోత పడేది ఎక్కువగా కలల నిద్రకూ రెండో దశకూ. రెండో దశ అంటే కండెలు దట్టంగా పుట్టే దశ, పెద్దవారి నిద్రలో సుమారు సగం. పగలు నేర్చిన సంగతులు మనసులో కుదురుకోవడంలో కండెలకు పాత్ర ఉందని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి కనుక, కొత్తగా సాంచె పని నేర్చుకునే పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి ఆ గంటలు మరీ విలువైనవి.

సూరత్‌లో నాడె లేని మగ్గాలు, నీటి ధారతో పేక పోగును విసిరే వాటర్‌జెట్ యంత్రాలు పెరుగుతున్నాయి. వాటిలో పేక దారం పెద్ద శంకువు నుంచి నేరుగా వస్తుంది కాబట్టి కండె అక్కరలేదు. కండె పోయినా రెండో షిఫ్టు మాత్రం అలాగే ఉంది. తెల్లవారుజామున దాని నుంచి బయటపడిన కార్మికుడు కిటికీకి దుప్పటి కట్టి, మధ్యాహ్నపు ఎండలో కన్ను మూయడానికి ప్రయత్నిస్తుంటాడు.