మొదటి డ్రాయింగ్ ముద్ర: టీకా తర్వాత వచ్చిన కరోనా కథ

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న విషయాన్ని, డ్యూటీల వల్ల వినలేకపోయినవాళ్ళ కోసం ఇక్కడ రాసి పెడుతున్నాను.

గల్ఫ్‌లో మనవాళ్ళ క్యాంపుల్లో ఇప్పటికీ ఒక మాట వినిపిస్తుంది. "రెండు డోసులు వేయించుకున్నా ఒమిక్రాన్ వచ్చింది కదా, ఇంక ఆ టీకా ఎందుకు?" అని. ఒకరు ఊళ్ళో కోవిషీల్డ్ వేయించుకుని వచ్చారు, ఒకరు కోవాగ్జిన్, ఇంకొకరు ఇక్కడే సినోఫార్మ్. అందరిదీ ఒకటే ఫిర్యాదు. దీనికి జవాబు దొరకాలంటే కరోనాకి 60 ఏళ్ళు వెనక్కి, ఫ్లూ మీద పనిచేసిన ఒక అమెరికా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

ఆయన పేరు థామస్ ఫ్రాన్సిస్, మిషిగన్ యూనివర్సిటీలో పనిచేశారు. సాల్క్ పోలియో టీకా పనిచేస్తుందని 1955లో లెక్క తేల్చి చెప్పింది ఈయనే. ఫ్లూ విషయంలో ఆయన బృందం రకరకాల వయసులవాళ్ళ రక్తాన్ని పరీక్షించింది. ఎవరి రక్తంలో చూసినా, వాళ్ళ చిన్నతనంలో తిరిగిన ఫ్లూ రకం మీదే యాంటీబాడీలు ఎక్కువ ఉన్నాయి! కొత్త రకం సోకినా శరీరం ముందు పాత యాంటీబాడీలనే పెంచుతోంది. 1960లో దీనికి ఆయన 'ఒరిజినల్ యాంటిజెనిక్ సిన్' అని పేరు పెట్టారు. బైబిల్లోని ఆదిపాపం లాగా, మొదటిది జీవితాంతం వదలదు అన్నమాట. ఇప్పుడు దీన్నే 'ఇమ్యూన్ ఇంప్రింటింగ్' అంటున్నారు, అంటే తొలి ముద్ర.

మన సైట్ భాషలో చెప్తాను. మొదటి డ్రాయింగ్ మీద నెల రోజులు పనిచేసిన మేస్త్రీకి కొలతలన్నీ నోటికొచ్చేస్తాయి. తర్వాత రివైజ్డ్ డ్రాయింగ్ వచ్చిందనుకోండి. మారని చోట్ల పని చకచకా అయిపోతుంది. మారిన చోట మాత్రం చెయ్యి పాత కొలతకే పోతుంది. మన ఒంట్లో ఆ మేస్త్రీలు మెమరీ బి కణాలు.

కరోనా మొదటి టీకాలన్నీ 2020 మొదట్లో తిరిగిన వైరస్‌ని బట్టి చేసినవే. అదీ మన మొదటి డ్రాయింగ్. 2021 నవంబర్ 24న దక్షిణాఫ్రికా ఒక కొత్త రకం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థకి తెలిపింది. రెండు రోజుల్లో దానికి ఒమిక్రాన్ అని పేరు పెట్టారు. దాని స్పైక్ ప్రొటీన్‌లో 30కి పైగా మార్పులు, అందులో చాలా వరకు యాంటీబాడీలు అతుక్కునే చోటే. అందుకే టీకా వేయించుకున్నవాళ్ళకీ సోకింది. కానీ టి కణాలు గుర్తుపట్టే భాగాలు పెద్దగా మారలేదు. అందుకే చాలామందికి జ్వరంతో పోయింది, ఆక్సిజన్ దాకా వెళ్ళలేదు.

మరి టీకా తర్వాత సోకినప్పుడు ఏం జరిగింది? పాత, కొత్త రకాలకి ఉమ్మడిగా ఉన్న భాగాలను పట్టే కణాలే ముందు లేచాయి. యాంటీబాడీలు బాగా పెరిగాయి. టీకా ఒక్కటే ఉన్నవాళ్ళకన్నా, జబ్బు ఒక్కటే వచ్చినవాళ్ళకన్నా, రెండూ ఉన్నవాళ్ళకి రక్షణ ఎక్కువని తేలింది. కాకపోతే ఒమిక్రాన్‌కి మాత్రమే సరిపడే కొత్త యాంటీబాడీలు తక్కువే తయారయ్యాయి.

టీకా కంపెనీలకీ ఇదే చిక్కు ఎదురైంది. 2022లో పాత రకం, ఒమిక్రాన్ కలిపిన బూస్టర్లు వచ్చాయి. అమెరికాలో రెండు బృందాలు పరీక్షిస్తే, పాత బూస్టర్‌కీ దీనికీ యాంటీబాడీల్లో పెద్ద తేడా కనపడలేదు. చైనాలో యున్‌లాంగ్ కావ్ బృందం ఇంకో సంగతి చూపించింది. సినోఫార్మ్ లాంటి చంపిన వైరస్ టీకాలు తీసుకున్నవాళ్ళకి ఒమిక్రాన్ ఒకసారి సోకితే పాత ముద్రే గెలిచింది. రెండోసారి సోకాక కొత్త యాంటీబాడీలు బాగా పుట్టాయి. అంటే మేస్త్రీ కొత్త కొలత నేర్చుకుంటాడు, కానీ రెండుసార్లు చూపించాలి. చివరికి 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా బృందం, టీకాలోంచి పాత రకాన్ని తీసేయమంది.

అయితే తొలి ముద్ర శాపమేనా? కాదండి. సింగపూర్‌లో 2003 నాటి సార్స్ నుంచి బతికిన 8 మందికి ఫైజర్ టీకా వేశాక, 2021లో వాళ్ళ రక్తాన్ని చూశారు. సార్స్, కరోనా, ఇంకా గబ్బిలాల్లో ఉండే వాటి చుట్టాల్లాంటి వైరస్‌లు, అన్నిటినీ ఆపే యాంటీబాడీలు దొరికాయి. మొదటి ముద్రకీ రెండోదానికీ దూరం బాగా ఉంటే, రెంటికీ ఉమ్మడిగా ఉన్న చోటే బలపడింది.

కాబట్టి క్యాంపులో ఎవరైనా "టీకా దండగ" అంటే చెప్పండి: ఆ మొదటి డ్రాయింగ్ ఒంట్లో ఉండబట్టే, రివైజ్డ్ డ్రాయింగ్ వచ్చిన రోజు మన మేస్త్రీలు చేతులు కట్టుకుని నిలబడలేదు. అలాగని రక్షణ పెరుగుతుంది కదా అని కావాలని జబ్బు తెచ్చుకోవద్దు. ఏ ముద్రా లేకుండా మొదటిసారి వైరస్‌కి ఎదురైనవాళ్ళలోనే మనం ఎక్కువమందిని పోగొట్టుకున్నాం.