వెలివేసిన ఇంటి ఇల్లాలు: కందుకూరి రాజ్యలక్ష్మమ్మ

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిగిన పెళ్లిని ఆంధ్రదేశ చరిత్ర రాసినవారెవరూ విడిచిపెట్టలేదు. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు గౌరమ్మ, అప్పటి కృష్ణా జిల్లా తిరువూరు ప్రాంతానికి చెందిన బాల వితంతువు. పెళ్లి చేయించినవారు కందుకూరి వీరేశలింగం. వీధిలో పోలీసు బందోబస్తు, ఇంటి చుట్టూ పంతులుగారి శిష్యుల కాపలా. నాలుగు రోజులకే, అంటే 15వ తేదీన, రెండో వితంతు వివాహం. ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. ఆ పెళ్లి భోజనాలు వండిందెవరు, వండటానికి నీళ్లు మోసిందెవరు అన్న ప్రశ్న మాత్రం మనవాళ్లు పెద్దగా వేసుకోలేదు. ఆ ప్రశ్నకు జవాబు వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ. వితంతు వివాహోద్యమం ఇక్కడ నిలదొక్కుకోవడానికి సగం కారణం కూడా ఆమేనని నా అభిప్రాయం.

ఆమె 1851లో పుట్టారు. పుట్టింటివారు పెట్టిన పేరు బాపమ్మ. 1861లో పెళ్లయ్యేనాటికి వరుడికి పదమూడేళ్లు, వధువుకు పదేళ్లు నిండీ నిండని వయసు. అత్తవారింటికి వచ్చాక రాజ్యలక్ష్మి అయ్యారు. వీరేశలింగం నాలుగేళ్లప్పుడే తండ్రిని పోగొట్టుకున్నారు. ఆచారవ్యవహారాల్లో ఆ కాలపు తక్కిన నియోగి ఇళ్లు ఎలా ఉండేవో ఆ ఇల్లూ అలాగే ఉండేది. భర్త 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచి, అదే ఏడు వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టేసరికి రాజ్యలక్ష్మమ్మ ఇరవై మూడేళ్ల ఇల్లాలు. చదువు ఆమెకు భర్త దగ్గరే అబ్బింది. ఆ దంపతులకు పిల్లలు లేరు.

వితంతువుల పునర్వివాహం చెల్లుతుందని చట్టం 1856లోనే వచ్చింది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడి కృషితో ఆ ఏడాది డిసెంబరులోనే కలకత్తాలో మొదటి పెళ్లి కూడా జరిగింది. గోదావరి తీరాన మొదటి పెళ్లికి మరో పాతికేళ్లు పట్టింది. చట్టం పెళ్లిని చెల్లుబాటు చేయగలదు గానీ, పెళ్లయిన మర్నాడు ఆ జంట పక్కన కూర్చుని అన్నం తినేవాళ్లను తీసుకురాలేదు. వాళ్లకు అద్దెకు ఇల్లు ఇప్పించలేదు, పురోహితుణ్ణి పిలుచుకురాలేదు. 1879లో రాజమండ్రిలో పంతులుగారు స్త్రీ పునర్వివాహం శాస్త్రసమ్మతమని ఉపన్యాసాలిచ్చినప్పుడు పండితులు ఖండన గ్రంథాలు రాశారు, సభలు పెట్టారు. వాదం నడిచినంతకాలం నష్టం మాటలతోనే సరిపోయింది. పెళ్లి జరిగాక వెలి మొదలైంది.

వెలి అంటే ఏమిటో ఇవాళ్టి పాఠకుడికి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ రోజుల్లో పీఠాధిపతి నుంచి శ్రీముఖం, అంటే ఆజ్ఞాపత్రం, వస్తుంది. పెళ్లికి వెళ్లినవారితో, ఆ ఇంట భోజనం చేసినవారితో పంక్తిభోజనం కూడదు. ఆ ఇంటి పిల్లకు సంబంధం రాదు. తద్దినానికి భోక్తలు దొరకరు, మంత్రం చెప్పేవాడు రాడు. ప్రాయశ్చిత్తం చేసుకుంటే మళ్లీ కలుపుకుంటారు. అందుకే నిన్నటిదాకా వెన్నుతట్టిన మిత్రుల్లో కొందరు ప్రాయశ్చిత్తానికి ఒప్పుకున్నారు. వాళ్లను తప్పుపట్టడం తేలికే గానీ, ఇంట్లో పెళ్లికెదిగిన ఆడపిల్ల ఉన్న తండ్రికి ఆ ఒత్తిడి ఎంతటిదో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మగవాడికి వెలి సభలో, కచేరీలో, వీధిలో ఎదురవుతుంది. ఆడదానికి తెల్లవారుతూనే పెరట్లో ఎదురవుతుంది. వంటమనిషి రాడు, నీళ్లు తెచ్చేవాడు రాడు. అప్పటి రాజమండ్రిలో ఇంటి వాడకానికి నీళ్లు గోదావరి నుంచి రావాల్సిందే. వంట నీళ్లు మోసేవాడికి కులం పట్టింపు ఉంది, వాడికీ కులం కట్టుబాటు ఉంది. ఇక మిగిలింది ఇల్లాలు. రాజ్యలక్ష్మమ్మ తానే బిందె చంకనెత్తుకుని గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చారు. వచ్చిన జంటలకు, అతిథులకు, కాపలా కాసే కుర్రవాళ్లకు తానే వండి వడ్డించారు. ఇది ఒక్క పూట పౌరుషంతో ముగిసిపోయే పని కాదు. డిసెంబరు చలిలో నది మెట్లు దిగడం, నిండు బిందెతో మళ్లీ ఎక్కడం, దారిలో తెలిసినవాళ్లు మొహం తిప్పుకుని పోతుంటే ఇల్లు చేరడం, చేరాక పొయ్యి రాజెయ్యడం. మర్నాడు మళ్లీ అదే.

ఆమె వెనక్కి తగ్గడానికి దారి లేకపోలేదు. భర్తను విడిచి తమతో వచ్చెయ్యమని అయినవాళ్లు ఆమెను ఒత్తిడి పెట్టారు. పిల్లలు లేని ఇల్లాలు, వెలిపడిన ఇల్లు. వెళ్లిపోయివుంటే లోకం ఆమెనే మెచ్చుకునేది. ఆమె వెళ్లలేదు. దీన్ని పాతివ్రత్యమని పొగిడి సరిపెట్టడం మనకు అలవాటు. ఆ మాట ఆమెకు చాలదని నేననుకుంటాను. భర్త మాట జవదాటకపోవడం ఒక ఎత్తు, భర్త పక్కన లేని గంటల్లో ఎవరి కన్నబిడ్డకో తలదువ్వి, అన్నం పెట్టి, దడుపు పోగొట్టడం మరో ఎత్తు. ఈ రెండోది ఏ శాస్త్రం విధించిన ధర్మమూ కాదు. ఆమె కోరి పెట్టుకున్న పని.

ఆ పని ఎంతటిదో పుట్టిల్లు అన్న ఏర్పాటును తలుచుకుంటే తెలుస్తుంది. తెలుగింటి ఆడపిల్ల పెళ్లితో పుట్టింటికి దూరం కాదు. మొదటి పురుడు అక్కడే, పండగకు పిలుపు అక్కడినుంచే, మనసు కష్టపడితే నాలుగు రోజులు తలదాచుకునేదీ అక్కడే. అప్పట్లో మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువుకు ఆ తలుపు మూసుకుపోయేది. కన్నవాళ్లకు ప్రేమ ఉన్నా బంధువులకు జడిసి పిలవలేకపోయేవారు. పంతులుగారు తన జీవితకాలంలో సుమారు నలభై పెళ్లిళ్లు చేయించారు. ఆ ఆడపిల్లల్లో చాలామందికి పుట్టిల్లు రాజ్యలక్ష్మమ్మ వంటిల్లే అయింది. పెళ్లికి ముందు వాళ్లు ఉన్నది అక్కడ, చదువు నేర్చింది అక్కడ, పెళ్లయ్యాక కష్టసుఖాలు చెప్పుకోవడానికి తిరిగి వచ్చిందీ అక్కడికే. కడుపున బిడ్డలు లేని ఆమె ఇంతమంది పురుళ్లూ పుణ్యాలూ చూసుకున్నారు.

ఉద్యమానికి డబ్బు ఇచ్చినవారిని చరిత్ర గుర్తుపెట్టుకుంది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య వేల రూపాయలు ఇవ్వకపోతే ఆ పెళ్లిళ్లు సాగేవి కావు. ఆత్మూరి లక్ష్మీనరసింహం, బసవరాజు గవర్రాజు వంటివారు పక్కన నిలబడ్డారు. వారి పేర్లు ఉండవలసిందే. ఆ జాబితాలో వంటింటి చాకిరీకి కూడా ఒక పద్దు ఉండాలన్నదే నా మాట.

పంతులుగారు 1890ల చివర మద్రాసుకు మకాం మార్చినప్పుడు ఆమె కూడా వెళ్లారు. అక్కడ 1898లో వితంతు శరణాలయం మొదలైంది. 1905లో రాజమండ్రికి తిరిగి వచ్చాక ఇక్కడా ఒక శరణాలయం ఏర్పడింది. ఒక సొంత ఇంట్లో, ఒక ఇల్లాలి చేతిమీదుగా నడిచిన ఆశ్రయం ఒక సంస్థగా స్థిరపడింది. 1906లో హితకారిణీ సమాజం పెట్టి, దంపతులు తమ యావదాస్తినీ దానికి రాసిచ్చారు. ఆస్తి భర్త పేర ఉండవచ్చు. కానీ ముసలితనంలో పిల్లల ఆసరా లేని స్త్రీకి ఆ ఆస్తే ఆసరా. దాన్ని వదులుకోవడంలో ఆమె త్యాగం భర్తది కన్నా చిన్నదని ఎవరూ అనలేరు.

1910 ఆగస్టులో రాజ్యలక్ష్మమ్మ కన్నుమూశారు. దాదాపు యాభై ఏళ్ల దాంపత్యం. పంతులుగారు ఇంకా తొమ్మిదేళ్లు బతికి, 1919 మే 27న మద్రాసులో, కొమర్రాజు లక్ష్మణరావు ఇంట్లో కాలం చేశారు. ఆమె గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆయన స్వీయచరిత్రలోంచి వచ్చిందే. భార్య చేసిన పని దాచకుండా రాసిన ఘనత ఆయనది. అయినా అది భర్త కళ్లతో చూసిన కథ. బిందె మోసిన మనిషి ఆ నడకలో ఏమనుకున్నారో ఆ పుటల్లో దొరకదు.

తర్వాత గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు ఇదే బాటలో నడిచి 1922లో శారదానికేతనం స్థాపించారు. అక్కడ లక్ష్మీబాయమ్మ పేరు భర్త పేరుతో సమానంగా వినిపిస్తుంది. ఒక తరం గడిచేసరికి వచ్చిన ఈ మార్పుకు దారి వేసినవారిలో రాజ్యలక్ష్మమ్మ ముందుంటారు.

ఆ నలభై పెళ్లిళ్ల వారసుల కుటుంబాలు ఇప్పటికీ మన మధ్య ఉన్నాయి. ముత్తవ్వ ఫలానా ఇంట్లో పెళ్లి చేసుకుందని, అక్కడ ఒక అమ్మ ఆమెను చూసుకుందని ఇంట్లో చెప్పుకునే మాటలు ఉంటే, పాత ఉత్తరాలో ఫొటోలో ఉంటే, దయచేసి వాటిని రాసిపెట్టండి, రాజమండ్రిలోని గ్రంథాలయాలకు ఒక ప్రతి ఇవ్వండి. రాజ్యలక్ష్మమ్మ జీవితచరిత్రకు ఇప్పుడు కావలసిన ఆధారాలు మీ ఇళ్లలోనే ఉన్నాయి.