జీపు నుంచి 108 దాకా

కామారెడ్డిలో నర్సింగ్ హోమ్ అంటే డాక్టరుగారి చిన్న ఆస్పత్రి. అమెరికాలో ఉన్న మా ఆడబిడ్డ అదే మాట అంటే, నర్సులు రాత్రీపగలూ ఉండి ముసలివాళ్లను చూసుకునే చోటు. మన దగ్గర ఆ చోటు ఇల్లే. కొడుకులు దుబాయ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, రాత్రి డ్యూటీ కోడలిది. కోడలు కూడా లేని ఇళ్లు మీ వీధిలోనూ రెండు మూడు ఉండే ఉంటాయి.

1997లో ఎల్లారెడ్డి పక్కన మా పుట్టింటి ఊళ్లో ఒక పొద్దున మా బాపమ్మ చేతిలోంచి చాయ్ గ్లాసు జారింది. మూతి ఒక పక్కకు పోయింది. గాలి సోకిందన్నారు ఒకరు, పసరు పోయించమన్నారు ఇంకొకరు. అమ్మ భయంతో నోట్లో నీళ్లు పోసింది, అవి కొరబోయి ఇంకా కష్టమైంది. ఊళ్లో ఉన్న ఒక్క జీపు అంగడికి పోయింది. అది వచ్చి, మేం కామారెడ్డి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అంతకు ముందు ఏడాదే, 1996లో, పక్షవాతానికి రక్తపు గడ్డను కరిగించే మందును అమెరికాలో అనుమతించారు. అయితే తలకు స్కాన్ తీసి, మొదలైన మూడు గంటల్లోపు ఇవ్వాలి. ఆ గడువు తర్వాత నాలుగున్నర గంటల దాకా పెరిగింది. మాకు ఆ మందు తెలియదు, గడువూ తెలియదు. బాపమ్మ ఆ తర్వాత ఆరేళ్లు ఒంటి చేత్తోనే బతికింది.

పిలిస్తే పలికే నంబరు ఏ దేశంలోనూ ఊరికే రాలేదు. 1935లో లండన్‌లో ఒక డాక్టరు ఇంట్లో మంటలు లేచి ఐదుగురు ఆడవాళ్లు చనిపోయారు. ఎదురింటాయన ఫోన్ చేస్తే ఎక్స్ఛేంజి వాళ్లు వరుసలో ఆపారట. ఆయన కోపంగా పత్రికకు ఉత్తరం రాశాడు. 1937లో 999 వచ్చింది. మనకు 108 మొదలైంది 2005 ఆగస్టు 15న, హైదరాబాద్‌లో. సత్యం రామలింగరాజు పెట్టిన ఈఎంఆర్ఐ సంస్థ, అప్పటి ప్రభుత్వం కలిసి నడిపాయి. 2009లో సత్యం కుంభకోణం బయటపడ్డాక ఆ సంస్థ బాధ్యత జీవీకే తీసుకుంది. ఊళ్లల్లో 108 అంటే ముందు గుర్తొచ్చేది కాన్పు, కానీ ముసలివాళ్లకు దాని విలువ ఇంకా ఎక్కువ అనిపిస్తుంది నాకు. ఎందుకంటే జీపు మనిషిని మోసుకుపోయేది, అంతే. 108లో శిక్షణ పొందిన మనిషి వస్తాడు, ఆక్సిజన్ వస్తుంది, వైద్యం మన గడప దగ్గరే మొదలవుతుంది.

2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా అయింది, 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది. ఎల్లారెడ్డి నుంచి దారి మాత్రం దగ్గర కాలేదు కదా! బండి వచ్చేదాకా ఉండే ఆ కొన్ని నిమిషాలు ఇంట్లో ఉన్న ఆడదానివే. గుండె ఆగితే చేతులతో ఛాతీ నొక్కే పద్ధతిని అమెరికా డాక్టర్లు 1960లోనే లోకానికి చెప్పారు. మన రాష్ట్రంలో దాన్ని పెద్ద ఎత్తున నేర్పడం మొదలుపెట్టింది 2023లో. పోలీసులకు, ఆరోగ్య సిబ్బందికి నేర్పారు, మంచిదే. వంటింట్లో ఉన్నవాళ్లకు ఎప్పుడు నేర్పుతారో.

మొన్న చలికాలంలో ఎల్లారెడ్డిలో, తెల్లవారుజామున మా అత్తమ్మ మాట తడబడింది. ఒళ్లంతా చెమట. అత్తమ్మకు షుగర్ ఉంది, రాత్రి సరిగ్గా తినలేదు, మాత్ర మాత్రం వేసుకుంది. 108కి ఫోన్ చేసి, క్యాలెండర్ మీద 5.20 అని రాశాను. ఎప్పుడు మొదలైందో డాక్టర్లు ముందు అడిగేది అదే. పక్కకు తిప్పి పడుకోబెట్టాను. పక్కింటామె తులసి నీళ్లు తెచ్చింది. స్పృహ సరిగ్గా లేని మనిషికి నోట్లో ఏదీ పోయొద్దన్నాను. ఆమె మొహం మాడ్చుకుంది, ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు.

బండిలో వచ్చిన అబ్బాయి ముందు వేలు గుచ్చి చూశాడు. షుగర్ 48. పడిపోయిన షుగర్ ఒక్కోసారి అచ్చం పక్షవాతంలాగే కనిపిస్తుందట. అక్కడే నరానికి గ్లూకోజ్ ఎక్కించాడు. మాత్రల కవరు, ఆధార్ కార్డు పట్టుకుని నేనూ ఎక్కాను.

కామారెడ్డి పొలిమేరల్లో అత్తమ్మ కళ్లు తెరిచి, నన్ను చూసి అడిగింది: "పాలు పోయించుకున్నవా బిడ్డా?"