హబ్బర్డ్ బ్రూక్: వాగు నీటిలో తేలిన అడవి లెక్క

అమెరికా ఈశాన్యాన, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని వైట్ మౌంటెన్స్ కొండల్లో హబ్బర్డ్ బ్రూక్ అనే వాగు పారుతుంది. దాని చుట్టూ షుగర్ మేపుల్, బీచ్, ఎల్లో బర్చ్ చెట్ల అడవి ఉంది. చలికాలం ముందు ఆకులన్నీ రాల్చే చెట్లివి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలప కోసం కొట్టేసిన అడవే, ఎవరూ నాటకుండా మళ్లీ లేచింది. 1955లో అమెరికా అటవీ శాఖ దీన్ని ప్రయోగ క్షేత్రం చేసింది. అప్పట్లో ఆ శాఖకు కావలసింది నీటి లెక్కే: చెట్లుంటే వాగులో నీరెంత, లేకపోతే ఎంత?

అందుకని పిల్లవాగుల దిగువన కాంక్రీటు కట్టలు కట్టారు. చెరువుకు అలుగు ఉన్నట్టే కట్టకూ ఓ దారి ఉంటుంది, కాకపోతే అది ‘వి’ అక్షరం ఆకారంలో కోసిన గాటు. గాటులో నీటి ఎత్తు చూస్తే ఎంత నీరు దాటుతోందో తెలుస్తుంది. కింద ఉన్నది గట్టి రాతి నేల కాబట్టి నీరు లోతుకు ఇంకిపోదు. వానలో చెట్లు తాగింది, ఆవిరైంది పోగా మిగతాదంతా ఆ గాటు దాటాల్సిందే.

నీటిని ఇంత కచ్చితంగా కొలవగలిగితే అందులో కరిగి పోయే కాల్షియం, పొటాషియం, నత్రజనిని మాత్రం ఎందుకు కొలవకూడదన్నది జీవావరణ శాస్త్రవేత్త హెర్బర్ట్ బోర్మన్ ఆలోచన. 1963లో ఆయన, మరో జీవావరణ శాస్త్రవేత్త జీన్ లైకెన్స్, భూగర్భ శాస్త్రజ్ఞుడు నోయ్ జాన్సన్, అటవీ శాఖ ఉద్యోగి రాబర్ట్ పియర్స్ కలిసి పని మొదలుపెట్టారు. వానతో వచ్చింది జమ, వాగుతో పోయింది ఖర్చు. ముట్టుకోని అడవిలో ఖర్చు చాలా తక్కువని తేలింది. రాలిన ఆకు కుళ్లి విడిచిన పోషకాన్ని వేళ్లు దాదాపు పూర్తిగా పట్టేసి మళ్లీ పైకి పంపుతున్నాయి.

ఆ పట్టు తెగితే ఏమవుతుందో చూడడానికి 1965 చివర్లో రెండో నంబరు పరీవాహకంలో (ఒక పిల్లవాగులోకి నీరు చేరే నేలలో), 15.6 హెక్టార్లలో, చెట్లన్నీ నరికేశారు. ఒక్క దుంగను కూడా బయటికి లాగలేదు, దారి వేయలేదు. నేల కదలకూడదని పడ్డవాటిని పడ్డచోటే వదిలేశారు. ఆపై మూడు వేసవులు కలుపు మందు కొట్టి, ఏ చిగురూ లేవకుండా చేశారు.

తొలి ఏడాది వాగు నీరు 39 శాతం పెరిగింది. అది ఊహించిందే. నైట్రేట్ సంగతే ఎవరూ ఊహించనిది: వాగులో దాని సాంద్రత మొదటి ఏడాది 41 రెట్లు, రెండో ఏడాది 56 రెట్లు అయింది. తాగునీటి పరిమితి దాటిన ఆ వాగులో వేసవికి నాచు కమ్మేసింది. తీసుకునే వేళ్లు లేకపోవడంతో నేలలోని సూక్ష్మజీవులు తయారుచేసిన నైట్రేట్ నీటిలో కలిసింది. ఆ తయారీలో పుట్టిన ఆమ్లం మట్టి రేణువులకు అంటుకున్న కాల్షియం, మెగ్నీషియం, పొటాషియంలను ఊడదీసింది. ఒక్క పోషకానికి కాపలా పోతే మిగతావీ దాని వెంటే నడిచాయి.

ఏ కలప వ్యాపారీ అడవిని ఇలా నరకడని అటవీ వర్గాలు విమర్శించాయి. మాట నిజమే, కానీ ఇది కలప కోసం చేసిన నరుకుడు కాదు. మామూలు నరుకుడులో ఏం జరుగుతుందో చూడటానికి నాలుగో పరీవాహకాన్ని 25 మీటర్ల వెడల్పు పట్టీలుగా విడదీశారు. 1970లో మూడింట ఒక పట్టీ, 1972లో ఇంకొకటి, 1974లో మిగిలింది కొట్టారు. వాగు గట్టున చెట్లు ఉంచారు. ఒక్కసారిగా మొత్తం నరికిన చోటుతో పోలిస్తే ఇక్కడ నష్టం బాగా తగ్గింది. పక్క పట్టీల వేళ్లు, కొత్త మొలకలు కారిపోయేదాన్ని ఆపాయి. ఆ మొలకల్లో ముందుండేది పిన్ చెర్రీ. దాని గింజలు దశాబ్దాల పాటు మట్టిలో నిద్రపోయి, ఎండ తగలగానే లేస్తాయి. చెట్టుగా ఎక్కువ కాలం బతకదు, కలపకూ అంతగా పనికిరాదు, కానీ తొలి ఏళ్లలో పోషకాలను పట్టేది అదే.

అడవిని పలచన చేయడానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. అక్కడక్కడా చెట్లు తీస్తే నేలకు ఎండ, తడి పెరిగి ఆకుచెత్త త్వరగా కుళ్లుతుంది. అప్పుడు విడుదలైన పోషకాన్ని మిగిలిన చెట్ల వేళ్లు అందుకుంటాయి. కొన్నేళ్లలో కొమ్మలు అల్లుకుని ఖాళీ పూడుతుంది. అయితే బయటికి పోయేది దుంగ ఒక్కటేనా, కొమ్మా రెమ్మా కూడానా అన్నది చూడాలి. బరువులో దుంగే ఎక్కువైనా, కిలోకు లెక్కిస్తే పోషకం ఎక్కువ ఉండేది ఆకుల్లో, లేత రెమ్మల్లోనే. 1983–84లో అయిదో పరీవాహకంలో కొమ్మలతో సహా చెట్లను మోసుకుపోయి, ఆ నష్టాన్నీ లెక్కగట్టారు.

కాల్షియం పోయే దారి నరుకుడు ఒక్కటే కాదని కూడా ఇక్కడే తేలింది. పొగగొట్టాల నుంచి వచ్చిన ఆమ్ల వర్షం దశాబ్దాలుగా నేలలోని కాల్షియాన్ని కడిగేసింది. అందుకే 1999 అక్టోబరులో మొదటి పరీవాహకం మీద హెలికాప్టర్‌తో కాల్షియం ఉన్న వొలాస్టొనైట్ ఖనిజాన్ని గుళికలుగా చల్లారు. తర్వాతి ఏళ్లలో అక్కడి షుగర్ మేపుల్ చెట్లు పక్క అడవిలోని వాటికంటే ఆరోగ్యంగా పెరిగాయి.