మొవ్వు కుళ్ళు: గోదావరి డెల్టాలో ఒక తెగులు చరిత్ర

గౌతమి మీది వంతెన దాటి రావులపాలెంలో అడుగుపెట్టగానే కోనసీమ మొదలవుతుంది. రోడ్డుకు రెండు వైపులా కొబ్బరి, అరటి తోటలు, చేలగట్ల మీద తాడిచెట్లు మీకు కనిపిస్తాయి. డెల్టా చరిత్ర అనగానే 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ దొర గుర్తుకు వస్తారు. అయితే చెట్లకు వచ్చిన తెగుళ్ళకు కూడా చరిత్ర ఉంది. వాటిలో ఒకదానిని ఇక్కడ పరిశీలిద్దాం.

తాడిచెట్టుకు, కొబ్బరిచెట్టుకు ఎదిగే మొగ్గ తలలో ఒక్కటే ఉంటుంది. దాన్నే మొవ్వు అంటాం. అది చస్తే చెట్టు చచ్చినట్లే. మొవ్వు కుళ్ళు తెగులులో ముందుగా నడిమి లేత ఆకు వాడిపోతుంది. పట్టి లాగితే ఊడి వస్తుంది. దాని అడుగు కుళ్ళి దుర్వాసన వేస్తుంది. కింది ఆకులు మాత్రం కొన్నాళ్ళు పచ్చగానే ఉంటాయి. అందువల్ల తెగులు ఆలస్యంగా బయటపడుతుంది.

20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో ఈ తెగులు గోదావరి డెల్టాలో తాడిచెట్లను పెద్దయెత్తున చంపింది. కొబ్బరికి కూడా సోకింది. కల్లు, ముంజలు, తేగలు, ఇంటి కప్పుకు ఆకు, దూలాలకు కర్ర తాడిచెట్టే ఇచ్చేది. కాబట్టి నష్టం రైతుతోపాటు గీత కార్మికుడికి, పేద ఇంటికి కూడా తగిలింది. బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో శిలీంధ్ర శాస్త్రవేత్తగా ఉన్న ఇ.జె. బట్లర్ దీన్ని అధ్యయనం చేసి, 1910లో సమగ్ర నివేదిక ప్రచురించాడు. ఆయన గుర్తించిన సూక్ష్మజీవి పేరు 1919 నుంచి ఫైటోఫ్తోరా పామివోరా. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటను నాశనం చేసి కరువు తెచ్చినది కూడా ఈ ప్రజాతిలోదే. బట్లర్ పుట్టిన దేశం ఐర్లండే కావడం గమనార్హం.

అప్పట్లో ప్రధాన నివారణ ఒక్కటే: తెగులు సోకిన చెట్టు తల నరికి కాల్చివేయడం. ఆ రైతు స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. పైకి ఇంకా పచ్చగా ఉన్న చెట్టును నరకడానికి మనసొప్పుతుందా? నరకకపోతే పక్కవాడి తోటకు ముప్పు. సొంత ఆస్తికి, ఊరి మేలుకు మధ్య వచ్చే ఇటువంటి చిక్కును మద్రాసు ప్రభుత్వం 1919లో చట్టంతో ఎదుర్కొంది. వ్యవసాయ చీడపీడల చట్టం ప్రకారం అధికారులు నివారణ చర్యలు చేపట్టమని రైతును ఆదేశించవచ్చు. అతడు చేయకపోతే తామే చేయించి, ఖర్చు వసూలు చేయవచ్చు.

తెగులు నేటికీ పోలేదు. ఈ జీవి బీజాలు నీటిలో ఈదగలవు కాబట్టి వానాకాలంలో ఉధృతి ఎక్కువ. కొబ్బరిలో అంతరపంటగా వేసే కోకో కాయలను నల్లగా కుళ్ళబెట్టేది కూడా ఇదే. తొలిదశలో గుర్తిస్తే కుళ్ళిన భాగం తీసివేసి, బోర్డో పేస్టు పూసి చెట్టును కాపాడవచ్చు. ఫ్రాన్సు ద్రాక్షతోటల కోసం 1880లలో రూపొందిన బోర్డో మందు ఇలా కోనసీమకు చేరింది.

ఆలోచించండి: మీ ఊరిలో ఏ పంట తెగులు జ్ఞాపకం మిగిలి ఉంది? దాని భారం ఎవరి మీద పడింది? ఊరి పెద్దలను అడిగి రాసుకోండి. స్థానిక చరిత్రకు అదీ ఒక ఆధారమే.