సూరత్తు శ్రామికులు, వారి చరిత్రకారులు

సూరత్తు నగర చరిత్రమును వ్రాసినవారెల్లరును తాపీ నదీముఖమున లంగరు దించిన నావలతోనే ప్రారంభింతురు. 1608లో హాకిన్సు కప్తాను ‘హెక్టరు’ నౌకపై వచ్చి దిగుటయు, కొలది సంవత్సరములకే ఆంగ్లేయ వర్తకులు అచట కోఠీ నెలకొల్పుటయు, హిందూస్థానపు మక్కా యాత్రికులకెల్ల ఆ రేవు ద్వారమై వెలయుటయు, 1664లోను 1670లోను శివాజీ ఆ సంపన్నపురమును కొల్లగొనుటయు, 1837 నాటి మహాగ్నిప్రమాదమున పట్టణములో విశేషభాగము భస్మమగుటయు పాఠశాలల పుస్తకములకు సైతము ఎక్కిన విషయములే. కాని ఆ ఓడలకు బస్తాలు మోసినవారును, ఆ షాహుకార్ల అంగళ్లకు జరీనూలు తీసి యిచ్చినవారును, ఆ వర్తకుల వంటశాలలకు బియ్యమును పండించినవారును ఎచట తలదాచుకొనిరి, ఎవరికి ఋణపడిరి, తమ బిడ్డలకేమి మిగిల్చిరి అని యడిగినచో ఆ గ్రంథములు మౌనము వహించును. మన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించి, రాజుల యుద్ధములకంటె ప్రజల తిండియు, కట్టుబట్టయు, ఆటపాటలును చరిత్రకు ముఖ్యములని తెలుగువారికి చూపిరి. అట్టి దృష్టితో సూరత్తును చూచినవారెవరన్నచో, ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ నగరమును, దాని చుట్టునున్న పల్లెలను తమ జీవితకాలపు పరిశోధనకు క్షేత్రముగా గైకొనిన కొందరు పండితులను పేర్కొనవలసియున్నది.

వారిలో ప్రథమగణ్యులు ఐ.పి. దేశాయిగారు. 1911లో జన్మించి, బరోడా విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రమును బోధించిన ఈయన, 1969లో సూరత్తునందు ప్రాంతీయాభివృద్ధి అధ్యయనమునకై ఒక సంస్థను స్థాపించిరి. అదియే తరువాత సామాజికాధ్యయన కేంద్రమను పేర ప్రసిద్ధమై దక్షిణ గుజరాతు విశ్వవిద్యాలయ ప్రాంగణమున నేటికిని నడచుచున్నది. దేశాయిగారు 1976లో ప్రకటించిన గ్రంథము గుజరాతు గ్రామములలోని అస్పృశ్యతకు సంబంధించినది. తపాలా బంట్రోతు దళితుని చేతికి ఉత్తరమునిచ్చుటలోను, బడిలో పిల్లలు కలిసి కూర్చుండుటలోను, బస్సు ప్రయాణములోను అంటు చాలవరకు సడలినదనియు, బావిగట్టునను, దేవళపు గడపయందును, మంగలి కత్తియొద్దను, ఇంటి లోపలను అది చెక్కుచెదరలేదనియు ఆయన ఊరూర విచారించి నిర్ణయించిరి. ప్రభుత్వపు చేయి పడినచోట ఒక న్యాయము, ఊరి పెత్తనము సాగినచోట మరియొక న్యాయము నడచుచున్నదను ఈ పరిశీలన, మన పల్లెల నెరిగినవారికి వ్యాఖ్యానము లేకయే బోధపడును.

దేశాయిగారి సంస్థ తలయెత్తుటకు పూర్వమే, 1962 ప్రాంతమున, దక్షిణ గుజరాతు పల్లెలకు ఒక డచ్చి యువకుడు చేరుకొనెను. 1936లో ఆమ్‌స్టర్‌డాము నగరమున జన్మించిన యాన్ బ్రేమన్ ఆయన పేరు. రెండు గ్రామములను ఎన్నుకొని, వానికి మారుపేర్లు పెట్టి, అనావిల బ్రాహ్మణులైన భూస్వాములకును, వారి పొలములలో తరతరములుగా చాకిరి చేసిన దుబ్లా కులస్థులకును గల సంబంధమును ఆయన శోధింపనారంభించిరి. గాంధీమహాత్ముడు హళపతులని గౌరవించి పిలిచిన వారే ఈ దుబ్లాలు. పడుచువాడు పెండ్లి చేసికొనవలెనన్నచో భూస్వామియొద్ద కొంత సొమ్ము తెచ్చుకొనును. ఆనాటినుండి అతడు ఆ యింటి ‘హాలీ’. అతడు నాగలి పట్టును, అతని భార్య ఆ యింట అంట్లు తోమి పశువుల కొట్టము నూడ్చును; ప్రతిఫలము పూటకింత గింజలు, పండుగకు పాతబట్టలు. తెచ్చిన ఋణము తీరుట యుండదు. తండ్రి తరువాత కొడుకు అదే కొట్టమున ప్రవేశించును. అతని గుడిసె సైతము ఆసామి నేలపైననే యుండుటచే, పనికి రానని చెప్పినవానికి నిలువ నీడయు లేకపోవును. కోస్తా జిల్లాల పాలేరుతనమును, తెలంగాణపు జీతగాని బ్రతుకును, వెట్టిని ఎరిగిన మనకు ఇందు వింతయేమియు కానరాదు.

1974లో వెలువడిన తన మొదటి మహాగ్రంథమున బ్రేమన్ చూపిన విశేషమేమన, ఈ బంధమునందు పీడనముతోపాటు ఒకవిధమైన పోషణయు కలదనుట. కఱవు వచ్చినను రోగము వచ్చినను యజమాని తన హాలీని ఎట్లో బ్రతికించుకొనవలసియుండెను. పిదప చెఱకును మామిడియు లాభసాటియై, భూస్వామి బిడ్డలు పట్టణవిద్యలకు మరలిన తరువాత ఆ పోషణము క్రమముగా తొలగిపోయెను. పీడనము మాత్రము నిలిచెను. విడుదల పొందిన హాలీ స్వతంత్రుడు కాక దినకూలి యయ్యెను. ఈ నిర్ణయమును ఆయన తరువాతి దశాబ్దములలో పలుమార్లు పునర్విమర్శ చేసికొని, పోషణను గూర్చి తాను మొదట వ్రాసిన మాటలను సైతము తూచి చూచుకొనిరి. ఆ నిజాయితీ నాకు ఆయన గ్రంథసంఖ్యకంటె పూజ్యముగా తోచును.

బార్డోలీ తాలూకా పేరు వినని తెలుగువాడుండడు. 1928లో వల్లభభాయి పటేలు నాయకత్వమున రైతులు పన్ను నిరాకరించి గెలిచిన పుణ్యభూమి యది. ఆ రైతుల సంతతివారే స్వాతంత్ర్యానంతరమున సహకార పద్ధతిపై చక్కెర కర్మాగారములను నెలకొల్పి, ఆ సీమనంతయు చెఱకుతోటగా మార్చిరి. ఈ తోటలను నరకువారెవరు? ప్రక్కపల్లెలో పనిలేక కూర్చున్న హళపతి కాడు. మహారాష్ట్రమునందలి ఖాందేశమునుండి ముకాదములు అను మేస్త్రీలు బయానా సొమ్ము లిచ్చి వేలాది కూలీలను పిలుచుకొనివత్తురు. ఆలుమగలు కలిసి ఒక్క ‘కోయతా’. వారి లెక్క మనుష్యులతో గాక కత్తితోనే. చెఱకాకు కప్పిన, నిలువుగా నిలబడుటకు వీలుకాని చిన్న గుడారములలో వారు నెలలకొలది పడియుందురు. అర్ధరాత్రమున లారీ వచ్చినను లేచి చెఱకు మోపులెత్తవలెను. 1978లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’ పత్రికలో బ్రేమన్ ఈ సంగతిని నిష్ఠురముగా ప్రకటించిరి. పరదేశి కూలివాడు బేరమాడలేడు, పని ముగియగనే తరలిపోవును, ఊరిలో హక్కులడుగడు, స్థానికుడు ఎదురుచెప్పగలడు. కాబట్టి ఇచటివారు ఇటుకబట్టీలకై దూరదేశములకు పోవలెను, దూరపువారు ఇచటికి రావలెను. పాలమూరు కూలీలను గుంపుమేస్త్రీలు దేశమంతట ఆనకట్టలకు తరలించిన చరిత్రమును స్మరించినచో, ఈ యంత్రాంగము ఎంత విశాలమో తెలియగలదు.

ఇక నగరమునకు వత్తము. 1961లో మూడు లక్షలకు లోపుగా నున్న సూరత్తు జనాభా 1981 నాటికి ఏడున్నర లక్షలు దాటి, 1991లో పదునైదు లక్షలకు చేరి, 2011లో నలుబది నాలుగు లక్షలను మించెను. ఈ వృద్ధికి మూలము కృత్రిమపట్టు నేయు మరమగ్గములును, వజ్రములను సానపట్టు ఘంటీలును. సౌరాష్ట్రమునుండి వచ్చిన పాటీదారులు వజ్రముల పనిలో కుదురుకొని, వారిలో పలువురు యజమానులైరి. ఒరిస్సాలోని గంజాము జిల్లానుండియు, ఉత్తరప్రదేశమునుండియు వచ్చినవారు మగ్గములకు చేరిరి. వారితోడనే కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాల పద్మశాలీలును చేరిరి. చేతిమగ్గము కూడు పెట్టనప్పుడు భివండికిని సూరత్తునకును వలసపోయి మర సాంచాలపై కండెలు మార్చినవారు మన బంధువర్గములో ఎందరో కలరు. లింబాయత్ ప్రాంతమున నేటికిని తెలుగుమాట వినవచ్చును. సూరత్తు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున సైతము పాఠశాలలు నడుపుచున్నది.

ఆ సాంచాల శాలలో రెండే పాళీలు, పగలు పండ్రెండు గంటలు, రాత్రి పండ్రెండు గంటలు. ఒక్కొక్కడు ఆరేసి, ఎనిమిదేసి, అంతకు మించియు మగ్గములను కనిపెట్టుచు, నడుమ ఇరుకు సందులలో తిరుగుచుండవలెను. కూలి మీటరు లెక్కన. చెవులు పగులు ఆ చప్పుడులో మాట సాగదు గనుక చేతిసైగలే వారి భాష. గంజాము వారు నివసించు తావులను ‘మెస్సు’లందురు. ఒక పొడవైన గది, నేలపై వరుసగా పరచిన చాపలు, గోడకు మేకులు, మేకులకు వ్రేలాడు సంచులు. పగటిపాళీవాడు లేచి పోయిన చాపపై రాత్రిపాళీవాడు వచ్చి పడుకొనును. చాపకు విశ్రాంతి యుండదు. నెలకింతయని తిండికిని ఆ చాప చోటునకును కలిపి మెస్సు యజమాని వసూలు చేయును. ఆలుబిడ్డలు స్వగ్రామముననే యుందురు. అనగా శ్రామికుని పోషించుటలో, అతని పిల్లలను పెంచుటలో, అతడు మూలబడిన పిదప సాకుటలో గల వ్యయమంతయు గంజాము పల్లెయే భరించును. అతని యౌవనపు బలమును మాత్రము సూరత్తు గైకొనును. 1996లో బ్రేమన్ ప్రకటించిన ‘ఫుట్‌లూస్ లేబర్’ గ్రంథమునకు ప్రాణప్రాయమైన విషయము ఈ రాకపోకలే. నగరములో కూలివానికి ‘అసంఘటిత రంగము’ అని ఒక పేరుపెట్టి, అదియొక ప్రత్యేకలోకమైనట్లు భావించుట పొరపాటని ఆయన 1976లోనే వాదించియుండిరి. పెద్ద కంపెనీయు ఇరుకు మెస్సును ఒకే వ్యవస్థకు చెందిన అంగములని ఆయన అభిప్రాయము. చూడగా నాకును అదియే సత్యముగా తోచుచున్నది.

బ్రేమన్ తొలి పరిశోధనలు సాగిన దశాబ్దముననే అమెరికాయందు జాన్ కెయిన్ అను అర్థశాస్త్రజ్ఞుడు హార్వర్డు విశ్వవిద్యాలయమున నివాసమునకును ఉద్యోగమునకును గల సంబంధమును శోధించుచుండెను. షికాగో, డెట్రాయిటు నగరములలో నల్లజాతివారిని ఇండ్ల యజమానులు నగరమధ్యపు వాడలకే కట్టిపడవేయగా, కర్మాగారములు శివారులకు తరలిపోవుటచే వారికి కొలువులు దూరమయ్యెనని 1968లో ఆయన లెక్కలతో నిరూపింప బూనెను. ఆ సిద్ధాంతము అమెరికా పౌరహక్కుల చర్చలకు ఒక ఆధారమయ్యెను. డెట్రాయిటు నల్లవానికి గృహము కలదు, పని దూరము. సూరత్తు ఒరియావానికి పని చెంతనే కలదు, గృహమే వందలకొలది క్రోసుల దూరము. ఐనను మనుష్యుని పుట్టుకను చూచి అతడెచట పడుకొనవలెనో, ఏ పనికి తగునో ముందే నిర్ణయించు క్రౌర్యము రెండుచోట్లను ఒక్కటియే.

ఇట్లు కులముచే, ప్రాంతముచే, మతముచే వాడవాడలుగా చీలిన నగరమునకు ఉపద్రవము వచ్చినప్పుడు ఏమగునో సూరత్తు రెండేండ్లలో రెండుమార్లు చవిచూచెను. 1992 డిసెంబరులో అచట ముస్లిములపై జరిగిన హింసాకాండను బ్రేమన్ మరుసటి సంవత్సరముననే వ్యాసముగా ప్రకటించిరి. 1994 సెప్టెంబరులో ప్లేగు భీతి పుట్టి, యాభైమందికి పైగా మరణించిరి. ప్రైవేటు వైద్యులలో పెక్కురు తలుపులు మూసికొని పోగా, లక్షలకొలది జనులు రైళ్లపై, లారీలపై నగరము విడిచిరి. పరిశోధకులైన ఘనశ్యామ్ షాగారు 1997లో వెలువరించిన గ్రంథమున, మురికివాడలను దశాబ్దములుగా నీరును కాలువయు లేకుండ వదలివేయుటయే ఆ విపత్తునకు నేలను సిద్ధపరచెనని నిరూపించిరి. 1995లో పురపాలక కమిషనరుగా వచ్చిన తెలుగు ఇంటిపేరు గల అధికారి, సూర్యదేవర రామచంద్రరావుగారు, అధికారులను ప్రతిదినము వీథులలో తిరుగజేసి స్వల్పకాలముననే ఆ నగరమును దేశములో పరిశుభ్రమైనవానిలో ఒకటిగా నిలిపిరి. 1998లో వారికి పద్మశ్రీ లభించెను. ఇది ప్రశంసింపదగిన కార్యమే. కాని వీథి శుభ్రపడినంత త్వరగా మెస్సులోని చాప వెడల్పగుట జరుగలేదు. తరువాత కాలువగట్ల గుడిసెలను తొలగించి, ఉత్తరపు శివారునందలి కోసాడ్ వద్ద నాలుగంతస్తుల ఇండ్లు కట్టి కుటుంబములను తరలించిరి. పైకప్పు దొరకెను, సంతోషమే. ఆ కుటుంబము నిత్యము పనికి పోవు దూరమును ఎవరైన కొలిచిరా యని కెయిన్ గ్రంథమును చదివినవాడు అడుగక మానడు. 2020 ఏప్రిలులో దేశమంతయు స్తంభించినప్పుడు సూరత్తు కూలీలు వేలుగా వీథులకెక్కి తమను ఇంటికి పంపుమని కోరిరి. జీవితమంతయు పనిచేసిన నగరమును వారు ఇల్లనుకొనలేదు.

బ్రేమన్ 1962లో కలిసికొనిన కూలివాని కొడుకును, మనుమని సైతము వెదకికొనుచు అవే గ్రామములకు అర్ధశతాబ్దము తిరిగి తిరిగి వచ్చిరి. ఒక తరమునకు ఏది మేలైనదో, ఏది కీడైనదో అంతకంటె సమీపమునుండి తెలుసుకొను మార్గము నాకు కానరాదు. ఒక ప్రశ్నావళితో ఒక వేసవిలో ముగియు సర్వేలు అంకెలనిచ్చును. తండ్రి హాలీతనమును విడిచిన నాటి ఆశ, కొడుకు ఇటుకబట్టీకి పోయిన నాటి అవమానము ఆ అంకెలలో చిక్కవు.

మన విశ్వవిద్యాలయముల సమాజశాస్త్ర, అర్థశాస్త్ర శాఖలకు నా విన్నపమొక్కటియే. సిరిసిల్లనుండియు, పాలమూరునుండియు, శ్రీకాకుళమునుండియు వలసపోయిన మనవారి వెంట ఒక పరిశోధకుడైనను యౌవనమున బయలుదేరి, లింబాయత్‌లోను భివండిలోను వారితో నివసించి, వారి మనుమల పెండ్లిండ్లకు సైతము హాజరగువరకు ఆ పనిని విడువకుండుగాక. వ్రాసిన గ్రంథమును వారు చదువగల తెలుగులోనే వెలువరించుగాక. అందులకు వలయు జీతభత్యములను, గ్రంథముద్రణమును సమకూర్చుట రెండు తెలుగు ప్రభుత్వములకును భారము కాదు.