పాలకుడి మీద ప్రజల మాట: పుదుచ్చేరి చెప్పే చరిత్ర పాఠం

ఎథిక్స్ పేపర్‌కు చదివేటప్పుడు 'ప్రజాదరణ ఉన్న అధికారి మంచి అధికారేనా?' అన్న ప్రశ్న మీకు ఏదో ఒక రూపంలో తగులుతుంది. చాలామంది 'ప్రజాదరణ వేరు, ప్రజాహితం వేరు' అని రెండు వాక్యాలు రాసి ముందుకు వెళ్లిపోతారు. మార్కులు పోయేది ఇక్కడే. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ప్రజలు ఎన్నుకోని ఉన్నతాధికారి మీద ప్రజల అభిప్రాయం ఏమిటో ఎలా తెలుస్తుంది? ఎవరు అడిగారు? ఎవరిని అడిగారు?

ఈ ప్రశ్నకు చరిత్రలో ఒక మంచి ఉదాహరణ పుదుచ్చేరి. మూడు వందల ఏళ్లకు పైగా ఈ పట్నానికి పై నుంచి నియమితులైన అధిపతులు వస్తూనే ఉన్నారు. మొదట ఫ్రెంచి గవర్నర్లు, 1954 తర్వాత చీఫ్ కమిషనర్లు, 1963 నుంచి లెఫ్టినెంట్ గవర్నర్లు. వీళ్లలో ఒక్కరినీ ఊరి జనం ఓటు వేసి తెచ్చుకోలేదు, ఓటు వేసి పంపించనూ లేదు. మరి జనం మాట ఏ దారిన బయటికి వచ్చింది? వరసగా చూద్దాం.

1. సర్వేలు లేని కాలం: ఆనందరంగ పిళ్లై దినచర్య

ఆనందరంగ పిళ్లై (1709–1761) పేరు ఆధునిక చరిత్ర ఆధారాల జాబితాలో మీరు చదివే ఉంటారు. గవర్నర్ డూప్లే దగ్గర ముఖ్య దుబాసీగా పనిచేసిన వర్తకుడు. 1736 నుంచి 1761 దాకా తమిళంలో దినచర్య రాశాడు. తెలుగు వాళ్లం గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇంకొకటి: కస్తూరి రంగకవి రాసిన 'ఆనందరంగరాట్ఛందము' అనే తెలుగు ఛందోగ్రంథం ఈయనకే అంకితం.

ఆ దినచర్యలో ధరవరలు, ఓడల రాకపోకలు, దర్బారు సంగతులతో పాటు ఊళ్లో జనం ఏమనుకుంటున్నారో కూడా ఉంటుంది. 1748లో ఇంగ్లీషు సైన్యం పట్నాన్ని ముట్టడించిన రోజుల్లో వేదపురీశ్వరుని గుడిని కూల్చివేసినప్పుడు జనంలో రేగిన ఆవేదన అందులో నమోదైంది. గవర్నర్ భార్య పరిపాలనలో జోక్యం చేసుకోవడం గురించిన గొణుగుడూ ఉంది. ఒక నియమిత పాలకుడి ఆదరణ గురించి పుదుచ్చేరిలో మనకు దొరికే తొలి వివరమైన స్థానిక రికార్డు ఇదేనని చెప్పుకోవచ్చు.

కానీ దీన్ని 'ప్రజాభిప్రాయం' అని రాసేముందు ఆగండి. పిళ్లై దగ్గరికి వచ్చి మాట్లాడిన వాళ్లెవరు? వర్తకులు, కులపెద్దలు, కొలువులో ఉన్నవాళ్లు. నేతపని వాళ్లు, కూలీలు, ఆడవాళ్లు తమ మాటగా చెప్పింది చాలా తక్కువ. పైగా రాసినవాడి పదవి గవర్నర్ దయ మీద నిలిచింది. సర్వే భాషలో దీన్ని నమూనా దోషం అంటాం. దినచర్య విలువ తగ్గదు. దాన్ని ఏ ప్రశ్నకు ఆధారంగా వాడవచ్చో, దేనికి వాడకూడదో మనకు తెలియాలి.

ఇంకో విషయం. 1754లో డూప్లేను వెనక్కి పిలిచి గోడెహూను పంపింది ఫ్రాన్సులోని కంపెనీ, ప్రభుత్వం. యుద్ధాల ఖర్చు వాళ్లకు భారమైంది. ఊరి జనం మెచ్చారా, తిట్టుకున్నారా అన్నది ఆ నిర్ణయంలో లెక్కలోకే రాలేదు. నియమితుడి పదవి నియమించినవాడి చేతిలో ఉంటుందన్న ఈ సూత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

2. ఓటు వచ్చింది, కొలత రాలేదు

ఫ్రాన్సులో మూడో రిపబ్లిక్ వచ్చాక 1870ల నుంచి ఫ్రెంచి ఇండియాలో ఎన్నికలు, స్థానిక సభలు మొదలయ్యాయి. బ్రిటిష్ ఇండియాలో అంత విస్తృతమైన ఓటు హక్కు అప్పటికి లేదు. అయితే ఓటర్లను వేర్వేరు జాబితాలుగా విడదీసి, కొద్దిమంది యూరోపియన్లకు జనసంఖ్యకు మించిన స్థానాలిచ్చారు. గవర్నర్ మాత్రం ఎప్పటిలాగే పారిస్ నుంచి వచ్చేవాడు. అంటే జనం ఓటు వేయగలరు, అసలు అధికారం ఉన్న వ్యక్తి మీద మాత్రం వేయలేరు.

3. విలీనం: అడిగింది ఎవరిని?

1948 జూన్‌లో భారత్, ఫ్రాన్స్ ఒక ఒప్పందానికి వచ్చాయి. ఫ్రెంచి స్థావరాల భవితవ్యాన్ని అక్కడి ప్రజలే తేల్చాలన్నది దాని సారాంశం. ఆ తర్వాత జరిగింది రెండు దారుల్లో నడిచింది. ఈ తేడాను పట్టికలా గుర్తుపెట్టుకోండి.

- చందర్‌నగర్: 1949 జూన్ 19న ప్రజలే నేరుగా ఓటు వేశారు. భారత్‌కు అనుకూలంగా 7,473 ఓట్లు, వ్యతిరేకంగా 114.
- పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం: 1954 అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధులు ఓటు వేశారు. మొత్తం 178 మందిలో అనుకూలం 170, వ్యతిరేకం 8.

రెండూ భారీ మెజారిటీలే. కానీ మొదటిది ప్రజల అభిప్రాయ సేకరణ, రెండోది ప్రతినిధుల నిర్ణయం. ప్రతినిధుల మాట ఎంత త్వరగా మారగలదో చెప్పడానికి ఎడ్వార్ గూబేర్ చాలు. 1948 మున్సిపల్ ఎన్నికల్లో గెలిచిన ఆయన పక్షం ఫ్రెంచి పాలన వైపు నిలిచింది. 1954 మార్చికల్లా ఆ పక్షం నాయకులే ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే విలీనం కావాలని తీర్మానించారు. 1963లో తొలి ముఖ్యమంత్రి అయింది ఆ గూబేరే. యానాం అప్పటికే 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య బృందం చేతుల్లోకి వచ్చేసింది.

విలీనం జనం కోరుకున్నది కాదని దీనర్థం కాదు. 'ప్రజలు అనుకున్నారు' అనే వాక్యం వెనక ఏ కొలత ఉందో చెప్పగలగడమే చరిత్ర విద్యార్థి పని.

ప్రిలిమ్స్ కోసం తేదీలు: వాస్తవ బదిలీ 1954 నవంబరు 1, విలీన ఒడంబడిక 1956 మే 28, చట్టబద్ధ బదిలీ 1962 ఆగస్టు 16, కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం 1963.

4. లెఫ్టినెంట్ గవర్నరు, ముఖ్యమంత్రి: ఎవరికి ఆదరణ?

239వ అధికరణం ప్రకారం పరిపాలకుడిని రాష్ట్రపతి నియమిస్తారు. 239ఏ వల్ల శాసనసభ, మంత్రిమండలి ఉంటాయి. 1963 చట్టంలోని 44వ సెక్షన్ ప్రకారం ఇద్దరికీ భేదం వస్తే విషయం రాష్ట్రపతికి వెళ్తుంది. ఈ కూర్పులోనే ఘర్షణకు చోటుంది.

మాజీ ఐపీఎస్ అధికారి కిరణ్ బేడీ 2016 మే 29న లెఫ్టినెంట్ గవర్నర్‌గా బాధ్యతలు తీసుకున్నారు. కొద్ది రోజుల్లో వి. నారాయణస్వామి ముఖ్యమంత్రి అయ్యారు. వీధుల్లో తనిఖీలు, సోషల్ మీడియాలో నిత్యం ప్రకటనలు ఆమె పద్ధతి. ఎన్నికైన ప్రభుత్వాన్ని పక్కన పెడుతున్నారన్నది ముఖ్యమంత్రి ఫిర్యాదు. 2019 ఫిబ్రవరిలో హెల్మెట్ నిబంధన అమలుకు ఆమె స్వయంగా రోడ్డెక్కారు. అదే నెల 13న ముఖ్యమంత్రి, మంత్రులు రాజ్ నివాస్ ముందు ధర్నాకు కూర్చున్నారు. ఉచిత బియ్యం పథకం సహా అనేక ఫైళ్లు ఆగిపోయాయన్నది వారి వాదన. 18న ధర్నా ముగిసింది. రోజువారీ పాలనలో ఆమె జోక్యం చేసుకోరాదని ఏప్రిల్ 30న మద్రాసు హైకోర్టు ఏక సభ్య ధర్మాసనం తీర్పిచ్చింది. 2020 మార్చిలో డివిజన్ బెంచ్ దాన్ని పక్కన పెట్టింది.

ఇప్పుడు చెప్పండి, జనం ఎవరి వైపు ఉన్నారు? ఒకరు ఫాలోవర్ల సంఖ్య చూపుతారు. ఇంకొకరు ధర్నాకు వచ్చిన గుంపును చూపుతారు. ఫాలోవర్లలో పుదుచ్చేరి ఓటర్లు ఎందరో తెలియదు. గుంపు పార్టీ పిలిస్తే వచ్చింది. రెండూ నమూనాలు కావు.

ఎన్నికలే చెబుతాయంటారా? 2019 లోక్‌సభ ఎన్నికల్లో పుదుచ్చేరి స్థానాన్ని కాంగ్రెస్ భారీ ఆధిక్యంతో గెలిచింది. 2021 ఫిబ్రవరి 16న బేడీని తొలగించారు. మెజారిటీ కోల్పోయిన నారాయణస్వామి 22న రాజీనామా చేశారు. ఏప్రిల్ అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ 30లో 2 సీట్లకు పడిపోయింది. మొదటి ఫలితాన్ని 'బేడీ మీద తీర్పు' అంటే, రెండోదాన్ని 'బేడీకి సమర్థన' అనాలి. రెండూ తప్పే, ఎందుకంటే బ్యాలెట్ మీద ఆమె పేరు లేదు.

5. మరి సర్వే చేస్తే?

1936లో అమెరికాలో 'లిటరరీ డైజెస్ట్' పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు సేకరించి రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని చెప్పింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక అడిగింది ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవాళ్లను. చాలా చిన్న నమూనాతో జార్జ్ గాలప్ సరిగ్గా చెప్పగలిగాడు. అధ్యక్షుడి పనితీరును మెచ్చుకుంటున్నారా అని క్రమం తప్పకుండా అడిగే అలవాటు ఆ కాలం నుంచే స్థిరపడింది. మన దేశంలో ఎరిక్ డ కోస్టా 1950ల్లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్‌తో ఈ పనికి నాంది పలికారు.

ఈ పద్ధతిని పుదుచ్చేరికి అన్వయించి ఒక లెక్క చేయండి. 2011 జనగణన ప్రకారం కేంద్రపాలిత ప్రాంత జనాభా 12,47,953. అందులో యానాం 55,626. జనాభా నిష్పత్తిలో 1,000 మందిని అడిగితే యానాం వంతుకు వచ్చేది సుమారు 45 మంది. మొత్తం సర్వేకు పొరపాటు హద్దు అటూ ఇటూ 3 శాతం ఉంటే, యానాం వరకు అది దాదాపు 15 శాతం అవుతుంది. అంటే 'యానాంలో 50 శాతం మెచ్చుకున్నారు' అన్న మాటకు 35 నుంచి 65 దాకా ఏదైనా అర్థం కావచ్చు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2021లో ఎన్. రంగస్వామి తట్టాన్‌చావడి, యానాం రెండు చోట్లా పోటీ చేశారు. తట్టాన్‌చావడిలో గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. యానాంలో మాత్రం స్వతంత్ర అభ్యర్థి గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ చేతిలో ఓడిపోయారు. మొత్తం ప్రాంతం ఒక మాట చెబితే, 800 కిలోమీటర్లకు పైగా దూరంలో గోదావరి ఒడ్డున ఉన్న తెలుగు ఊరు వేరే మాట చెప్పింది. సగటులో ఆ ఊరి గొంతు వినిపించదు.

అడిగేవాడు ఎవరన్నదీ ముఖ్యమే. యానాం పొలిమేర దాటితే ఆంధ్రప్రదేశ్. 2014–19 మధ్య అక్కడి ప్రభుత్వమే ఆటోమేటిక్ ఫోన్ కాల్స్ ద్వారా సేవల మీద ప్రజల సంతృప్తిని అడిగింది. 2019లో అధికార తెలుగుదేశం 175లో 23 స్థానాలకే పరిమితమైంది. ఓటమికి కారణాలు అనేకం. కానీ పింఛను ఇచ్చే ప్రభుత్వమే ఫోన్ చేసి 'సంతోషంగా ఉన్నారా' అంటే 'లేను' అనడానికి ఎందరు సాహసిస్తారో ఆలోచించండి.

6. మెయిన్స్ కోణం: జవాబులో ఏం రాయాలి?

మొదటిది, మూడింటిని విడదీయండి: అధికారి పేరు తెలియడం, మనిషి నచ్చడం, పని నచ్చడం. సర్వేలో ఇవి తరచూ కలిసిపోతాయి.

రెండోది, నిబంధన చెప్పండి. కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి (1964)లోని 14వ నియమం ప్రకారం ఉద్యోగి తన గౌరవార్థం జరిగే బహిరంగ సన్మానాలను అనుమతి లేకుండా స్వీకరించకూడదు. అధికారి ఆదరణ కోసం పోటీపడితే ఎన్నికైన ప్రతినిధికి ప్రత్యర్థి అవుతాడన్న జాగ్రత్త ఇందులో కనిపిస్తుంది.

మూడోది, ప్రత్యామ్నాయం చూపండి. 1990ల్లో బెంగళూరులో శామ్యూల్ పాల్ స్థాపించిన పబ్లిక్ అఫైర్స్ సెంటర్ 'సిటిజన్ రిపోర్ట్ కార్డ్' పద్ధతి తెచ్చింది. అందులో ప్రశ్న అధికారి గురించి కాదు, సేవ గురించి. నీళ్లు వచ్చాయా? పని ఎన్ని తిరుగుళ్లకు అయింది? లంచం అడిగారా? అధికారిని మెచ్చుకోవడం కష్టమైనా, తిట్టడం భయమైనా ఈ ప్రశ్నలకు ఎవరైనా జవాబు చెప్పగలరు.

నాలుగోది, హెల్మెట్ ఉదాహరణ వాడండి. నిబంధన ప్రాణాలు కాపాడేదే, అయినా జనానికి చిరాకు తెప్పించింది. ఆ రోజు సర్వే చేస్తే అధికారికి మార్కులు తగ్గేవేమో. అలాగని జనం చిరాకును కొట్టిపారేయడమూ సరికాదు. ముందుగా చెప్పారా, గడువు ఇచ్చారా, ఎన్నికైన ప్రభుత్వాన్ని కలుపుకున్నారా అన్న ప్రశ్నలు ఆ చిరాకు లోపలే ఉంటాయి.

రేపు మీరు సబ్ కలెక్టర్‌గా ఒక డివిజన్‌కు వెళ్తారు. మీ బదిలీ ఆపాలని కొందరు ర్యాలీ తీయవచ్చు, మీరు వెళ్తుంటే ఇంకొందరు టపాసులు కాల్చవచ్చు. ఆ రెండు గుంపుల్లోనూ లేని మనిషి ఒకరుంటారు: మీ ఆఫీసు వరండాలో అర్జీ పట్టుకుని మూడోసారి కూర్చున్నవారు. వారి అభిప్రాయం తెలుసుకునే మార్గం మీరే ఏర్పాటు చేసుకోవాలి.

సాధన ప్రశ్న (250 పదాలు): 'నియమిత అధికారి విషయంలో ప్రజాదరణ జవాబుదారీతనానికి ప్రత్యామ్నాయం కాదు, కానీ ప్రజాభిప్రాయం తెలియకుండా జవాబుదారీతనం లేదు.' పుదుచ్చేరి అనుభవం ఆధారంగా చర్చించండి.